జెత్రో పిమ్ బాగుచేసిన నాన్న కుర్చీ

ఏ కుర్చీలో కూర్చుంటే ఏంటే, రెండూ ఒకటే. ఎవరు చేశారంటావా? ఆ జెత్రో పిమ్ గాడు. నువ్వెరగవులే, నువ్వు పుట్టకముందే పోయాడు. నారిచ్‌లో పాత కుర్చీలు బాగుచేసేవాడు. మహాగని చెక్క వాసన చూసి అది ఏ ఓడలో వచ్చిందో చెప్పేసేవాడు. శుద్ధ అబద్ధమే అనుకో, కానీ ఎంత ధీమాగా చెప్పేవాడనీ! మా నాన్నేమో తన చేతుల కుర్చీ చూపించి, 'రెండొందలేళ్ళ నాటిది, అసలు సిసలు ఇంగ్లీషు కుర్చీ' అని మురిసిపోయేవాడు. వీడు ఊరుకోవచ్చా? 'ఏది అయ్యగారూ ఇంగ్లీషు? చెక్క జమైకాది. ఆ వంకర కాళ్ళు ఫ్రాన్సువి. వీపున జాలీ చైనావాడిది. పైన కమాను ఏదో పాత చర్చి కిటికీది. ఇందులో ఇంగ్లీషువి మీ పిర్రలే' అన్నాడు. నాన్న నెల్లాళ్ళు వాణ్ణి గడప తొక్కనివ్వలేదు.

సరే, నాన్న పోయాడు. ఆ కుర్చీ నాక్కావాలంటే నాక్కావాలని నేనూ మా చెల్లి డోర్కసూ, అదేనే మీ అమ్మమ్మ, జుట్టూ జుట్టూ పట్టుకున్నాం. అదీ సమాధి చేసొచ్చిన రోజునే, పాదిరీగారు శాండ్‌విచ్ నములుతుండగా. ఆ తర్వాత ఏడాది మాటల్లేవు. చర్చిలో అదో మూల, నేనో మూల. చివరికి జెత్రో వచ్చి, 'కాళ్ళు వదులయ్యాయి, ముందు బాగుచెయ్యనివ్వండి' అని కుర్చీ పట్టుకుపోయాడు. మూడు నెలలకి రెండు తెచ్చాడు! ఒకటి నాన్నదట, ఒకటి తను చేసిన నకలట. ఏది ఏదో మాకు తెలిస్తేగా! నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, 'హెస్టరమ్మా, అసలుది నీకే ఇచ్చా. చెల్లితో అనకు, పాపం తట్టుకోలేదు' అన్నాడు. ఇంకేం, నా కాళ్ళు నేలమీద నిలవలేదు. నకలు కుర్చీలో దర్జాగా కూర్చున్న చెల్లిని చూస్తే జాలేసి, నేనే ముందు పలకరించా. అదీ నవ్వింది. అప్పట్నించీ ప్రతి ఆదివారం భోజనం కలిసే, ముప్పై ఏళ్ళు! నేను దానికి పుడ్డింగులో పెద్ద ముక్క పెట్టేదాన్ని. అది నాకు మాంసంలో మెత్తటి ముక్కలు ఏరి వేసేది. దీని బుద్ధి ఎంత మారిందో అనుకునేదాన్ని.

పోయినేడు అది పోయాక దాని కుర్చీ ఇక్కడికొచ్చింది. నకలైతేనేం, చెల్లిది కదా అని రెండూ కలిపి బాగుకిచ్చా. ఆ బాగుచేసేవాడు రెంటినీ తిరగేసి చూసి పడీ పడీ నవ్వాడే. 'అమ్మా, దీనికి వీపు పాతది, కాళ్ళు కొత్తవి. దానికేమో కాళ్ళు పాతవి, వీపు కొత్తది. ఒకదాన్ని విప్పి రెండు చేశాడు, ఘటికుడు!' అన్నాడు. అంటే నా చెవిలో ఊదిందే దాని చెవిలోనూ ఊదాడన్నమాట, వెధవ! ముప్పై ఏళ్ళూ అది నన్ను చూసి జాలిపడిందే! ఆ మెత్తటి ముక్కలన్నీ అందుకే! ఎంత ఒళ్ళు మండిందనుకున్నావ్? వెళ్ళి దాన్ని నాలుగూ దులిపేద్దామని కోటు కూడా తొడుక్కున్నా. తలుపు దాకా వెళ్ళాక గుర్తొచ్చింది, అది లేదుగా...

ఊఁ. వాన పట్టినట్టుంది, ఆ కిటికీ మూసెయ్యి.