చలపతి విన్న కచేరీ

ఆదివారం సాయంత్రం, సిడ్నీ టూంగాబీలో ఒక ఇల్లు. చలపతి పాటకచేరీకి వెళ్ళి అప్పుడే తిరిగొచ్చాడు. కాలు విరిగి వెళ్ళలేకపోయిన అతని భార్య చాముండేశ్వరి పిండికట్టుతో సోఫాలో ఉంది.

“అది కాదండీ, ఎలా పాడారని అడుగుతున్నా.”

“చెప్పాగా. బానే పాడాడు.”

“బానే అంటే?”

“బానే అంటే... బాలేదు. అస్సలు బాలేదు. నువ్వు రాకపోవడమే మంచిదైంది చాముండీ. బతికిపోయావ్.”

“ద్వారకానాథ్ గారు బాగా పాడకపోవడమా?”

“పాడ్డానికి గొంతేదీ? పోయింది ఆయనకి! పై స్థాయికి వెళ్ళాల్సిన చోటల్లా మైకు జనం వైపు తిప్పేసి...”

“కాస్త నెమ్మదిగా మాట్లాడండి.”

“ఎందుకు?”

“తలనొప్పిగా ఉంది. పంచెలోనే వచ్చారా?”

“ఎవరు?”

“ఆయనేనండీ!”

“ఆఁ, పంచె. తెల్ల పంచె. అదీ నలిగిపోయింది.”

“నాకిష్టమైన పాట పాడారా?”

“నీ పాటంటే... మొదలెట్టాడు. సగంలో దగ్గొచ్చింది. వదిలేశాడు.”

“రికార్డ్ చేసి తెస్తానన్నారుగా.”

“ఫోన్లు తియ్యనివ్వలేదు. ఏం పోలేదులే, అపశ్రుతులు రికార్డ్ చేసుకుని ఏం చేస్తావ్?”

“నెమ్మదిగా అన్నానా! ముప్పై అయిదేళ్ళండీ. కాలేజీ రోజుల్లో రాజమండ్రికి వెళ్తే, ఆయన ‘అందరికీ నమస్కారం’ అన్నారో లేదో, గాలివానొచ్చి పందిరి కూలిపోయింది.”

“తెలుసు.”

“పన్నెండేళ్ళ కింద ఇక్కడ్నించి మెల్‌బోర్న్ దాకా కారేసుకుని వెళ్ళాం.”

“తెలుసే. సన్మానాలు.”

“నలభై మందికి శాలువాలు కప్పించారాయన చేత. కప్పి కప్పి ఆయన నమస్కారం పెట్టేసరికి హాల్ టైం అయిపోయిందని లైట్లార్పేశారు. ఇన్నేళ్ళలో ఆయన గొంతు నేను ఎదురుగా విన్నది రెండు నమస్కారాలు.”

“అందుకే చెప్తున్నా. మూడోది వినకపోయినా నష్టం లేదు.”

“ఆ చేతిలో ఏంటది?”

“ఇదా? ఇదేం లేదు.”

“ఇటు చూపించండి.”

“ప్రసాదం.”

“కచేరీలో ప్రసాదమేంటి? ...రామ రామ! మాంసమండీ అది!”

“మాంసమే. గొర్రె చాప్స్, కొన్ని సాసేజీలు.”

“గుడ్డు కూడా గడప దాటని ఇంట్లోకి గొర్రెనెందుకు తెచ్చారు?”

“లాటరీలో తగిలింది. వద్దన్నా వినలేదు, చేతిలో పెట్టి ఫొటో కూడా తీశారు.”

“ద్వారకానాథ్ గారి ప్రోగ్రాంలో మాంసం లాటరీయా?”

“మన సుబ్బు కదా ఆర్గనైజరు. వాడికేం తోస్తే అది పెడతాడు.”

“సరే. ఎంతసేపు పాడారు?”

“రెండున్నర గంటలు.”

“మధ్యలో ఆగలేదా?”

“ఎందుకాగుతుంది?”

“ఫైర్ అలారం మోగితే ఆగదూ?”

“ఏ అలారం?”

“రెండుంబావుకి మోగింది. మొదటి పాట ఎత్తుకోకముందే. ఫైరింజన్లు రెండొచ్చాయట. జనాన్నంతా కార్ పార్క్‌లోకి తోలేసి ప్రోగ్రాం క్యాన్సిల్ చేశారు. కచేరీకెళ్ళిన నా ఫ్రెండ్ సింధుజ అక్కణ్ణించే ఫోన్ చేసింది.”

“క్యాన్సిలా?”

“ఇప్పుడు చెప్పండి. ఎక్కడికెళ్ళారు?”

“కోప్పడనంటే చెప్తా.”

“చెప్పండి ముందు.”

“కచేరీ పెట్టిన క్లబ్ పేరు నావిగేషన్‌లో కొట్టా. అలాంటి పేరుతోనే ఇంకోటుందని నాకేం తెలుసు? గుమ్మం దగ్గరున్నవాణ్ణి ఇక్కడ కాన్సర్టా అని అడిగితే, అవును మేట్, మేడ మీదే అన్నాడు. వెళ్ళా. నలుగురు ముసలాళ్ళు టోపీలు పెట్టుకుని గిటార్ లాంటి బాంజోలు వాయిస్తున్నారు.”

“తెలుగువాళ్ళా?”

“తెలుగువాళ్ళేంటే! తెల్లవాళ్ళు.”

“అప్పుడైనా అనుమానం రాలేదా?”

“సుబ్బు ఫ్యూజన్ ఏదో పెట్టాడనుకున్నా. ముందు వీళ్ళు, తర్వాత ఆయన.”

“హాల్లో మనవాళ్ళు ఒక్కరూ లేరుగా!”

“మనవాళ్ళు టైముకొస్తారా ఎప్పుడైనా?”

“రెండున్నర గంటలూ అలాగే కూర్చున్నారా?”

“గంట దాటాక పక్కావిణ్ణి అడిగా, ద్వారకానాథ్ ఎప్పుడొస్తారని. ఆయన డ్రమ్మరా, డియర్? అంది. అవునన్నా.”

“అవునన్నారా?”

“పెద్దావిడ, ఎందుకులే విడమర్చి చెప్పడమని! ఆవిడెళ్ళి వాళ్ళతో ఏం చెప్పిందో, డ్రమ్మర్ ఫ్రెండంటూ నన్ను లేపి స్టేజెక్కించారు. కంజీర లాంటిదొకటి చేతికిచ్చి వాయించమన్నారు.”

“వాయించారా?”

“రెండు పాటలకి. ఈ మాంసం లాటరీ కూడా అక్కడిదే, ఇక్కడి క్లబ్బుల్లో మామూలేనట. ...చాముండీ, ఒక మాట చెప్పనా? బాగుంది.”

“ఏది?”

“ఆ ముసలాళ్ళ పాట. ఒకాయన చచ్చిపోయిన తన గుర్రం మీద పాడాడు. మాటలు సగం అర్థం కాలేదు. ఏడుపొచ్చేసింది నాకు. వాయించడం మానేసి అలా నిలబడిపోయా.”

“మీకా? పాట పెడితే సౌండ్ తగ్గించమంటారు, మీకు ఏడుపొచ్చిందా?”

“అందుకే ఇంకా సిగ్గేసింది. పాటకోసం ప్రాణం పెట్టేదానివి నువ్వు ఇంట్లో, గుర్రం కోసం ఏడ్చేవాణ్ణి నేనక్కడ. నీ పాట పట్టుకొస్తానని చెప్పి వెళ్ళినవాణ్ణి, హాల్ కూడా సరిగ్గా కనుక్కోలేకపోయానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఆయన పాడలేకపోయాడంటే, పోనీలే అనుకుంటావని...”

“అందుకని ఆయన గొంతు పోగొట్టేశారా!”

“ఇంకేం తోచలేదే. అయినా క్యాన్సిలైందిగా! ఎవరూ వినలేదుగా! అంటే నా వల్ల నువ్వు పోగొట్టుకున్నదేం లేదు. అమ్మయ్య. పాపం, ఆయన్నేం చేశారు మరి? హోటల్‌కి పంపించేశారా?”

“గది పొద్దునే ఖాళీ చేసేశారట. ఫ్లైటేమో రాత్రికి.”

“మరెక్కడున్నారు?”

“మన గెస్ట్ రూంలో.”

“ఎవరు?”

“ద్వారకానాథ్ గారు.”

“మన... ఈ... ఈ పక్క గదిలోనా?”

“ఎక్కడ కూర్చోబెట్టాలో తెలీక, మన ఇల్లు దగ్గర్లో ఉందని సుబ్బు తెచ్చి దింపాడు. వాడు మళ్ళీ ఫైర్ వాళ్ళ దగ్గరకి పరిగెత్తాడు. నేను కర్రలు పట్టుకుని కుంటుకుంటూ చారు పెట్టాను. మూడుసార్లు పోయించుకున్నారు. కాసేపు నడుం వాల్చి లేచాక, నా పాట నాకోసం పాడతానన్నారండీ!”

“నేనిందాకట్నించీ గొంతు పోయింది, అపశ్రుతులు అంటుంటే...”

“నెమ్మది, నెమ్మది అంటూనే ఉన్నా!”

“తలనొప్పన్నావ్!”

“ఈ దేశం గోడలు అట్టముక్కలని మీకు తెలీదా? మీరేమన్నారో... ష్! తలుపు తీశారు. మాస్టారూ! లేచారా? రండి, కూర్చోండి. ఈయన మావారు చలపతి.”

“తెలుసమ్మా. విన్నాను.”

“అయ్యా, క్షమించండి. నేనసలు మీ కచేరీకే రాలేదు. అన్నీ కల్పించి చెప్పా. గొంతనీ, దగ్గనీ...”

“మైకు తిప్పడం ఎక్కడ చూశారు?”

“ఎక్కడా చూళ్ళేదు సార్, ఒట్టు! నోటికొచ్చింది వాగేశాను.”

“ఆయన మాటలకేం గానీ మాస్టారూ, కాఫీ ఇస్తాను. తాగి మెల్లగానే పాడండి. పల్లవి ఒక్కటి చాలు నాకు.”

“నువ్వలా కూర్చోమ్మా. విరిగిన కాలితో నిలబడి వండిపెట్టావు, నీకు అబద్ధం చెప్పలేను. మీ ఆయన కల్పించినదాంట్లో కల్పన ఏమీ లేదు. నా గొంతు పోయి మూడేళ్ళయింది.”

“మాస్టారూ...”

“పెన్‌డ్రైవ్‌లో పాత పాట పెడతారు. నేను పెదాలు కదుపుతాను. అది పైకెళ్ళే చోట మైకు జనం వైపు తిప్పేస్తాను.”

“అయ్యయ్యో, నేనూరికే అన్నానండీ...”

“ఇవాళ ముందు వరసలో ఒక ముసలావిడ కూర్చుంది. ఆవిడ కూతురు చెవి మిషన్ సరిచేసి, ‘అమ్మా, ఇప్పుడు విను’ అంది. ఆవిడ కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. నేను స్టేజి పక్కన నిలబడి ఉన్నాను. చేతికందేంత దూరంలో గోడకి ఎర్ర డబ్బా ఉంది. ఆ అలారం నొక్కింది నేనేనమ్మా.”