పట్టుచీర మీద నూనెచెయ్యి

అట్ల అరిస్తే మరక పోతాదా రామాంజినేయులన్నా? పోయేదుంటే నేనూ నీతో కలిసి అరుస్తా. నువ్వు సావుకారు గుమాస్తావు, అరిసే హక్కు నీకుండాది. ముందు చీర మడత పెట్టు. పొద్దున్నే మగ్గం మీద నుంచి కోసిన పెండ్లిచీర, దాన్నట్ల దులిపితే రాలి పడేదానికి నూనె ఏమన్నా దుమ్మా?

చూసినాలే. కొంగులో, అంచు పక్కన, హంస మీద. నాకూ కండ్లుండాయి.

ఏమంటివి? ఈ కొంపలో పొయ్యి మీద బాణలి ఎక్కినన్నాళ్లు సావుకారు పట్టు ఇయ్యడా? ఇయ్యకుంటే ఆ మగ్గం గుంతలో ఏం చేసుకోవల్ల, కోళ్లు పెంచుకోవల్లనా? మా ఇంటాయనకు ఇంకో పని రాదు. నూనెచెయ్యి మార్కండేయులని పేరు పడితే ధర్మవరంలో ఇంకెవురూ పట్టు ఇయ్యరు. బయట అరుగు మీద తల పట్టుకోని కూచున్నాడు చూడు. తన చెయ్యే తగిలిందేమోనని పొద్దున్నుంచి నీళ్లు గూడా ముట్టలేదు.

అవునన్నా, మొన్న కజ్జికాయలు చేసినా. అదేమన్నా దొంగతనమా దాచేదానికి? మగ్గం మీద పట్టుంటే ఇంట్లో నూనె కాగబెట్టకూడదని నాకు నువ్వు చెప్పాల్నా? ఈ ఇంటికి కోడలుగా వచ్చిన పొద్దు మా అత్త చెప్పిన మొదటి మాటే అది. ఒక చీర కోసి, మళ్ల ఇంకో చీరకు పడుగు పోగులు అతికేలోపల ఏం కాల్చుకున్నా కాల్చుకోవాల. ఆ అత్తే ఇప్పుడు కజ్జికాయ కావాలని కూడు మానేసె. నోట్లో ఒక్క పన్ను లేదు. అణాలు పోయి నయాపైసలొచ్చినాయి గానీ ఆ ముసిల్దాని నాలిక మాత్రం మారలేదు. చీర అయ్యేదాకా ఉండత్తా అంటే, అందాక నేనుండద్దా అనె. దానికేం చెప్పాల?

వంటిల్లు చూస్తివి గదా, ఇద్దరు కూచుంటే మూడో మనిషి పొయ్యిలో కూచోవల్ల. దానికీ మగ్గానికీ నడమ ఉండేది ఒక తడిక. దాని మీద గోనెపట్టలు తడిపి కప్పినా. మగ్గం మీద నా పాత చీరలన్నీ పరిచినా. పొగంతా నేనే మింగినా. చిన్న చిన్న పూరీలు వత్తి, పుట్నాలపొడి, బెల్లం, ఎండుకొబ్బెర నింపి, అంచు నొక్కి చెనిక్కాయ నూనెలో ఇడుస్తా ఉంటే, ఒకటి విచ్చుకోని బెల్లమంతా నూనెలో పడె. ఆ వాసన వీధి వీధంతా పాకె.

ఇంగ మా ఇంటాయన. మగ్గంలో కూచోనే గుటకలు మింగతాండె. చెయ్యి పెట్టనిస్తే గదా? చేతులు రెండూ ఎనక్కి పెట్టుకోమని చెప్పి నేనే నోట్లో పెట్టినా. మీసాలు నెరిసిన మొగోనికి చంటిపిల్లోనికి పెట్టినట్ల పెట్టి, మూతి గూడా నేనే తుడిచినా. పక్కింటి గంగక్క కిటికీలోనుంచి చూసి, ఈ వయసులో ఏం సరసమే కుళ్ళాయమ్మా అని నవ్వె. వీధిలో ఇప్పటికీ తల ఎత్తుకోలేకుండా ఉండా.

మరి నూనె ఎట్ల తగిలిందంటావా? అత్త మంచం దిగదు. నూనెచేత్తో నేను మగ్గం ముట్టను. ఆ పొద్దు ఇంకెవురన్నా వచ్చిరేమో, నువ్వే గురుతు చేసుకో.

ఏందన్నా, అట్ల కూలబడితివి? నీళ్లియ్యాల్నా?

వాసన పట్టుకోని నువ్వే వస్తివి గదా. ఏందో కమ్మగా కాలుస్తాండావే అని గడప దాటకముందే అడిగితివి. నీకు వక్కాకు తెచ్చేదానికి మా ఇంటాయన అంగడికి పోయె. తట్టలో పెట్టిస్తే ఒకటి తింటివి, ఇంకొకటి తింటివి, మూడోది నవులుతానే మగ్గం కాడికి పోయి, కప్పిన గుడ్డ తీసి, జరీ బాగా కుదిరిందే అని కొంగును నలిపి చూస్తివి. పైన బొటనవేలు, కింద రెండు వేళ్లు. మరక గూడా అట్లనే ఉండాది, తిప్పి చూసుకో.

అప్పుడే చెప్పొచ్చు గదా అంటావా? పట్టు ఇచ్చే చేతిని కడుక్కోపో అనేంత నోరు మాకు యాడిదన్నా? చూస్తానే ఉంటి. ఇంకో రెండు కజ్జికాయలు నీ తట్టలో వేస్తి.

మెల్లగా మాట్లాడు. అత్తకు పండ్లు లేవు గానీ చెవులుండాయి.

ఇప్పుడేం చేయాల్నంటావా? బియ్యప్పిండి అద్ది పెడితే నూనె లాగేస్తాది, పొద్దుగూకేలోపల చీర నీకిస్తా. ఇంకా కొంచెం అగుపడితే సావుకారుకు ఏం చెప్తావో నీ ఇష్టం, దీపం బుడ్డి ఎలుక తన్నిందని చెప్పు. నీ పేరు నేను చెప్పను. చెప్తే మాత్రం ఎవురు నమ్ముతారు? పట్టు ఇచ్చే చెయ్యి ఎప్పుడూ శుభ్రమే గదా. కొత్త పడుగు మాత్రం మా ఇంటికే రావాల.

ఇంకొక మాట. అరుగు మీద కూచున్నాడే, ఆయప్ప కాడికి పోయి, ఆ మరక నీ చేతిది కాదప్పా అని నీ నోటితో నువ్వే చెప్పు. చెప్పేదాకా ఈ చీర గడప దాటదు.

చెప్పినాక రా. డబ్బాలో ఇంకా ఉండాయి కజ్జికాయలు. నీ చేతికి మాత్రం ఇయ్యను. తినాలనుంటే మీ ఇంటామెను తోడుకోనిరా, నోట్లో పెడతాది.