చేను సంగతి సభకు రాలేదు

పదకొండింటికి మొదలైన లోక్‌సభ గొడవతో పన్నెండింటి దాకా వాయిదా పడింది. టేకులపల్లి అడవి అంచున, సిగ్నల్ దొరికే చేనుగట్టు మీద అత్తాకోడళ్లు ఫోను పట్టుకుని కూర్చున్నారు. ఈ చేనుకు పట్టా లేదు. విత్తితే కేసు పెడతామని ఫారెస్టువాళ్లు చెప్పి వెళ్లారు. ఈ సంగతి పన్నెండింటికి సభలో మాట్లాడతానని ఎంపీ కబురు పంపాడు. విత్తనాల పండుగలో పూజారి పంచిన జొన్నలు ఇంకా అత్త ఒడిలోని దొప్పలోనే ఉన్నాయి.

"మొదలైందత్తా."

"మన సారేడి?"

"అగో, నడుమల నిలబడి అట్ట పట్టుకొని అరుస్తుండు."

"మన చేను గురించే గదా! ఓట్లప్పుడే నోరు లేస్తదనుకున్న."

"మనది కాదత్తా. అట్ట మీద వేరే సంగతి రాసుంది."

"మరి మనది ఎప్పుడడుగుతడు?"

"అరుపులు ఆగితే పేరు పిలుస్తరంట."

"అయితే ఆయన్నే ఆగమను."

కోడలు ఫోను అత్త వైపు తిప్పింది.

"కుర్సీల సారు లేచిపోతుండేంది?"

"సభ రేపటికి వాయిదా ఏసిండు."

"రేపు మన సారు మాట్లాడుతడా?"

"రేపు మళ్ల చీటీలు తీస్తరంట, అండ్ల సారు పేరు రావాలె."

"అయితే ఇంక విత్తుడు లేనట్టే."

"జొన్నలు మా అన్న చేన్ల ఏద్దామా అత్తా?"

"మన చేను పేరు చెప్పి పూజారి ఇచ్చిన విత్తనం, ఇంకో చేన్ల ఎట్లేస్తం?"

"మరేం జేద్దాం?"

"దంచు. అంబలి కాసుకుందాం."

మూడింటికి ఫారెస్టువాళ్ల టేకు మొక్కల ట్రాక్టరు వచ్చింది. పొద్దు గూకేసరికి సగం చేనులో నాటారు.