జోసఫీన్ అత్త ఇంటికి

“మెల్లిగా తోలు మావా. నీ కోపం నా మీద గానీ బండి మీద కాదు గదా.”

“బండి బాగానే ఎల్తన్నాది. నువ్వు మాట మార్చకు. ఆ సంచిలోంచి మందుల డబ్బా తీసీమన్నానా లేదా?”

“తియ్యను.”

“అక్క ఏటి సెప్పింది? బట్టలు తెండి, పుస్తకాలు తెండి, మందులు మాత్రం తేకండి అంది.”

“మీ అక్క డాక్టరేటి? రిటైరైపోయిన టీచరు. ఇన్నాళ్ళూ ఊళ్ళో పిల్లల సెవులు మెలేసినాది, ఇప్పుడు నా గుంట సెవి దొరికింది.”

మలేషియాలో బంటింగ్ నుంచి తెలుక్ ఇంటాన్ పోయే రోడ్డు. రెండు పక్కలా ఆయిల్ పామ్ తోటలు, ముందు లారీలు. ముందు సీట్లలో ఆంథోనీ, మాగ్డలీన్. మొగుడూ పెళ్ళాలు. పొద్దున్న గుమ్మం దిగినప్పటి నుంచీ ఒకరి మీద ఒకరు కారాలు మిరియాలు నూరుతున్నారు. వెనక సీట్లో పదమూడేళ్ళ కూతురు రేచల్ దుప్పటి కప్పుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కిటికీకి తల ఆనించి పడుకుంది. ఆ పిల్లను మూణ్ణెల్లపాటు మేనత్త ఇంట్లో దింపి రావాలని ఆంథోనీ పంతం. దింపకూడదని మాగ్డలీన్ పంతం. మిగతాది వాళ్ళ నోటే వినాలి.

“షీ ఈజ్ నాట్ సిక్, మాగ్డలీన్. షీ ఈజ్—”

“తెలుగులో మాటాడు. ఎనకాల గుంట ఉంది.”

“సెవుల్లో అవి పెట్టుకుంది లా. ఏటి ఇనిపిస్తాది?”

“అయినా తెలుగులో మాటాడు. ఇంగ్లీషులో దెబ్బలాడితే దానికి అర్థమవుతాది, తమిళంలో దెబ్బలాడినా అర్థమవుతాది. తెలుగొక్కటే రాదు. మన గొడవ మన బాసలోనే ఉండనీ.”

“సరే, తెలుగులోనే సెప్తన్నాను. దానికి రోగం లేదు. ఉండీది. పోనాది. అయిపోనాది.”

“అయిపోనాదా? మోకాళ్ళు పట్టుకుని ముడుచుకుపోతాదే, అదేటి? నీళ్ళ గ్లాసు పట్టుకుంటే సెయ్యి వణుకుతాదే, అదేటి? నువ్వు షిఫ్టు నుంచి వచ్చి గుర్రు పెడతావు. నీకేటి తెలుస్తాది?”

“నాకేటి తెలుస్తాదా? దాన్ని ఎత్తుకుని ఆస్పత్రులు తిరిగినోడు ఎవుడు? మీ అన్నా? క్లాంగ్‌లో డాక్టరు, కేఎల్‌లో డాక్టరు, ఆయన పైన ఇంకో పెద్ద డాక్టరు. పురుగు కరిచి లైమ్ జబ్బు వచ్చిన మాట నిజమే, మందులిచ్చినాం, ఇప్పుడు రక్తంలో ఏటీ కనపడలేదు అని అందరూ ఒకే మాట అన్నారు.”

“అందరూ అనలేదు. కొందరికి జబ్బు పోయినాక కూడా నొప్పులూ నీరసమూ ఉండిపోతాయి, ఎందుకో మాకూ సరిగ్గా తెలీదు అన్నాది ఆ లేడీ డాక్టరు. అది మాత్రం నీ సెవికెక్కలేదు.”

“తెలీదు! తెలీదన్న మాట ఇనడానికి అంత దూరం బండి తోలుకెల్లినాను.”

“తెలీకపోతే తెలీదనక ఏటంటాది? తెలిసినట్టు అబద్దమాడాలా?”

“అబద్దమాడినా బాగున్ను. ఇదిగో ఈ మందేసుకో, ఈ నెలలో తగ్గిపోతాది అంటే, ఆ నెలైనా సుకంగా నిద్దరోదుం.”

“సూడు, లారీ!”

“సూసినాను. అరవకు.”

“అరిసింది నేనా?”

“ఇదే. ఇలగే. నిన్ను ఏటనకూడదు. డాక్టర్ల మాట పనికిరాదు, నా మాట పనికిరాదు. నీ ఫోన్‌లో ఉన్న అమ్మల గుంపు మాటే వేదం. ఏ దేశం ఆడదో చక్కెర మానీమంటాది, నువ్వు మాన్పించీస్తావు. ఇంకొకర్తి ఏదో ఆకు రసం పొయ్యమంటాది, నువ్వు పోసీస్తావు. గుంట పుట్టినరోజుకి కేకు ముక్క కూడా నోట్లో పెట్టనియ్యలేదు నువ్వు.”

“ఆళ్ళు నన్ను నమ్మినారు.”

“ఆళ్ళు నిన్ను సూళ్ళేదు కూడా.”

“సూడకపోయినా నమ్మినారు. నువ్వు రోజూ సూసి నమ్మవు. ఎవులు మేలు?”

“నమ్మడానికి ఏటుంది? ఎవులు తీసుకెల్లినారు దాన్ని ఆ పరాయి దేశం?”

“మళ్ళా మొదలెట్టినావా?”

“మొదలు అక్కడే గదా. మాత గుడికి మొక్కంట, యాత్రంట. చర్చీ వాళ్ళంతా ఎల్తన్నారు, నేనూ ఎల్తానన్నావు. ఎల్లినదానివి నువ్వెల్లు. పదేళ్ళ గుంటని ఎందుకు తీసుకెల్లినావు? ఆ గడ్డిలో ఎందుకు కూకోబెట్టినావు?”

“మొక్కు ఎవులి కోసం మావా? సెప్పు. నా కోసమా? మీ అమ్మ కాలు బాగవ్వాలని మొక్కినాను. మనవరాలు వచ్చి దీపం ఎలిగించాలని అడిగింది కూడా మీ అమ్మే.”

“సచ్చిపోయిన మనిసిని లాగకు.”

“నేను లాగలేదు. మూడేళ్ళ నుంచి లాగలేదు. ఈ దినం లాగుతాను. కాలి ఎనకాల నల్లగా ఏదో పురుగు అంటుకుందత్తా, పీకనా అని అక్కణ్ణుంచి ఫోన్ చేసినాను. ఆవిడేటి సెప్పింది?”

“జలగ అనుకుంది.”

“ఏటి సెప్పింది?”

“రబ్బరు తోటలో పుట్టి పెరిగిన మనిసి. ఆవిడికి కాళ్ళకి అంటుకునీది జలగొక్కటే.”

“ఏటి సెప్పింది మావా?”

“… పీకకు, ఉప్పెట్టి ఒగ్గీ అంది.”

“పీకకు, కడుపు నిండితే అదే రాలిపోతాది అంది. మా అమ్మ అలగే సెప్పీది, నీ అమ్మ అలగే సెప్పీది, తోటలో అందరం అలగే ఒగ్గీసినాం. జలగకైతే అదే మందు. అది జలగ కాదని నాకేటి తెల్సు? ఉప్పెట్టినాను, ఒగ్గీసినాను. రాలలేదు. మర్నాడు కూడా రాలలేదు. బేగి పీకీవలసింది అని ఇక్కడికొచ్చినాక డాక్టరు సెప్పింది.”

“సేతులు కాలినాక ఆకులు.”

“ఔను, ఆకులే. కాలినవి నా సేతులే. మీ అమ్మ పోయినప్పుడు కూడా ఆ మాట ఎవులికీ సెప్పలేదు నేను. నీకు మాత్రం గొడవొచ్చినప్పుడల్లా, నువ్వు తీసుకెల్లినావు, నువ్వు తీసుకెల్లినావు.”

“సరే ఊరుకో.”

“ఊరుకోను.”

“ఊరుకోమన్నాను లా. ఎనక్కి సూడు, కదులుతన్నాది.”

“రేచల్ మా? వాటర్ వాంట్ ఆ?”

“నో, మమ్మీ. ఐ యామ్ ఓకే.”

“లెగ్ పెయిన్?”

“ఓకే, మమ్మీ. ఐ యామ్ ఓకే.”

“ఇన్నావా? ఓకే అంట. ఎప్పుడడిగినా ఓకే అంటాది. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?”

“కంద నోరు తెరిస్తే ఇనీవాడు ఉండాలి గదా.”

“ఇనడానికే ఎల్లినాను మొన్న, స్కూలికి. పిల్ల ఇన్నాళ్ళు రాలేదేటి అని హెడ్ టీచరు పిలిచినాది. లైమ్ అన్నాను. ఆవిడికి తెలీదు. ఈ దేశంలో ఎవులికి తెల్సు? ఫోన్‌లో స్పెల్లింగ్ సూపించినాను. అప్పుడు నా మొకంలోకి సూసి, ఇంట్లో ఏవైనా గొడవలా అనడిగింది. నేను తాగొచ్చి గుంటని కొడతన్నాననుకుంది మాగ్డలీన్. నన్ను. నా కూతురి మీద ఏనాడైనా సెయ్యెత్తినానా?”

“లేదు.”

“లేదు గదా. ఆ సిగ్గు నాకు గుండెలో ముల్లులా ఉండిపోనాది. నీకది కనపళ్ళేదు.”

“నా సిగ్గు నీకు కనపడిందా? ఫ్యాక్టరీ పని మానీసినాను. చర్చీలో పాడ్డం మానీసినాను. నలుగురిలోకి ఎల్తే, కూతురికెలగుంది అనడిగి, జవాబు ఇనకుండా పక్కకి సూస్తారు. రోగం కూతురికి కాదు, తల్లికి అన్నాది మీ అక్క.”

“అక్క అలగనలేదు.”

“అన్నాది. ఆవిడ కొడుకు బ్రయాన్ పెళ్ళిలో, హాలు ఎనకాల వంటింట్లో అన్నాది. నేను గుమ్మంలోనే ఉన్నాను. అలాంటి మనిసి ఇంటికి నా గుంటని పంపిస్తన్నావు. మందు ఉండదు. పొద్దున్నే లేపుతాది, ఇల్లు తుడిపిస్తాది, నడిపిస్తాది. లేవలేనంటే?”

“లేస్తాది.”

“లేవలేనంటే?”

“లేస్తాది లా! ఇంట్లో నువ్వు పడుకోబెడతన్నావు కాబట్టి పడుకుంటన్నాది. సూడు, నేను కోపంగా సెప్పడం లేదు—”

“ఇది కోపం కాకపోతే ఏటి?”

“—ఇల్లు ఇల్లులా లేదు. మనిద్దరం నవ్వుకుని ఎన్నాళ్ళయింది? మనకి ఒక్క గొడవైనా అది లేకుండా వచ్చినాదా? అది మంచం మీద కూలబడిన దినమే మనకి యుద్ధం. అది లేచి తిరిగిన దినం నువ్వూ మనిసివే, నేనూ మనిసినే. మూణ్ణెల్లు అది ఇంట్లో లేకపోతే మనకి కూసింత ప్రశాంతం.”

“నీ నోటికి దండం.”

“నిజమా కాదా?”

“… అదిగో టర్నింగ్. దాటిపోతన్నావు.”

“నిజమా కాదా?”

“నిజమే. అయినా నోటితో అనకూడదు అలాటి మాట.”

తెలుక్ ఇంటాన్‌లో జోసఫీన్ ఇల్లు వీధి చివర. గేటు మూసి ఉంది. ఆంథోనీ కారు ఆపాడు గానీ హారన్ కొట్టలేదు. జేబులోంచి ఫోన్ తీశాడు.

“ఏటది?”

“సూడు.”

“నేను సూడను.”

“సూడాలి. బ్రయాన్ పెళ్ళి, ఇపో హాల్లో. మధ్యలో గెంతుతున్నాది ఎవులు? పాటంతా గెంతింది. ఆ సెప్పులు సూడు, ఎత్తు మడమల సెప్పులు. పక్క పిల్లలు అలిసిపోయి కూకున్నారు, ఇది కూకోలేదు. నవ్వు సూడు దాని మొకంలో. ఇది మోకాళ్ళ నొప్పులున్న పిల్లేనా?”

“మర్నాడు మంచం పట్టింది గదా.”

“మర్నాడు స్కూలు గదా! పెళ్ళికి లేచిన కాలు స్కూలికి ఎందుకు లేవదు? నటిస్తన్నాది మాగ్డలీన్. నా కూతురే, నాకు ముద్దే, కానీ నటిస్తన్నాది. మనిద్దరినీ బొమ్మల్లా ఆడిస్తన్నాది.”

“ఆపీ అది.”

“సూడు.”

“ఆపీమన్నాను. సూసినాను నేను. ఆ దినమే సూసినాను.”

“సూసి?”

“… నాకూ అనుమానం వచ్చింది.”

“ఏటి?”

“నాకూ అనుమానం వచ్చిందన్నాను. ఎన్నిసార్లు సెప్పించుకుంటావు? అది గెంతుతుంటే అందరూ నాకేసి తిరిగి సూసినారు. కూతురు సావుబతుకుల్లో ఉందని సెప్పుకు తిరిగిన దాన్ని నేనే గదా. మీ అక్క నవ్వింది. నా మొకం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. నా బతుకంతా దీనికి పోసీసినాను, ఇది నన్ను ఎర్రిదాన్ని సేసి ఆడుకుంటన్నాదా అని ఒళ్ళు మండిపోనాది. మర్నాడు అది లేవలేకపోతే దాని గదిలోకి ఎల్లలేదు నేను. నువ్వే నీళ్ళిచ్చినావు.”

“నీకు తలనొప్పి అన్నావు.”

“తలనొప్పి కాదు. కోపం.”

“మరి… మరి ఇంత దూరం నాతో ఎందుకు దెబ్బలాడినావు?”

“ఒప్పుకుంటే నువ్వు గెలుస్తావు గదా. మీ అక్క గెలుస్తాది.”

ఆంథోనీ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మాగ్డలీన్ సంచిలో చెయ్యి పెట్టింది.

“ఇంద. తీసుకో డబ్బా.”

“మాగ్డలీన్—”

“తీసుకో మావా. నాకింక ఓపిక లేదు. నిజంగా నటనే అయితే మీ అక్క దగ్గర మానీస్తాది. కాకపోతే… కాకపోతే ఆ దేవుడే సూసుకోవాలి. దింపీ. నేను కిందికి దిగను. ఆవిడ మొకం సూడలేను.”

“మూణ్ణెల్లే.”

“సరే అన్నాను గదా. లేపు దాన్ని.”

“రేచల్. రేచల్ మా, రీచ్ ఆల్రెడీ. అత్త హౌస్. కమ్, బ్యాగ్ డాడీ టేక్.”

“నానా.”

“కమ్, కమ్.”

“ఆ దినం కాళ్ళు మండిపోనాయి నానా. నాను కూకుండిపోతే ఇంటికెల్లి మీరిద్దరూ దెబ్బలాడుకుంటారని గెంతినాను.”

“ఏటే… ఏటన్నావు? నీకు తెలుగు…”

“నానమ్మ నాతో ఇంకే బాసలో మాటాడీది మా?”

“రేచల్, నా తల్లీ, మరి ఇన్నాళ్ళూ మేం అన్నవన్నీ…”

“ఏడవకు మా. ఆ డబ్బా నానకే ఇచ్చీ. అత్తకి కూడా ఓకే అనే సెప్తాను.”