నిమ్మకాయతో కడిగిన చేతులు

"ఆ తలుపుకి ఆనుకోకు నాయనా. గడియ ఊడిందంటే మెట్ల మీంచి దొర్లుకుంటూ కిందికి పోతావు, తల పగులుతుంది."

"అమ్మా, నేనింకా కోటు కూడా విప్పలేదు."

"విప్పకు. లాస్ ఏంజెలెస్ ఎండకి అలవాటు పడ్డ ఒళ్లు, మన రేవు గాలికి ఆగదు. విమానం కుదిపిందా? రెక్క ఊడితే ఏం గతి అని పడుకున్నానే గాని కన్ను మూతపడలేదు."

"ఊడలేదు. నాన్నేడి?"

"సూపు తాగుతావా? ఆకుకూరది. సాసేజి ముక్కలు కూడా వేశాను, నీకిష్టమని."

"అమ్మా. నాన్నేడి?"

"కింద."

"కింద వంటింట్లోనా?"

"ఇంకెక్కడుంటాడు? పై వంటిల్లు చుట్టాలకి, కింది వంటిల్లు మనకి. మర్చిపోయావా? ఈ పై పొయ్యి కొన్నప్పట్నుంచి ముట్టుకోలేదు, మరకలు పడతాయని. మొన్న మీ నాన్న కింద గడియ పెట్టేసుకున్నాక తప్పలేదు, వెలిగించాను. పేలిపోతుందేమోనని అంత దూరం నుంచి అగ్గిపుల్ల విసిరాను."

"గడియ పెట్టుకున్నాడా? ఎప్పట్నుంచి?"

"నువ్వు టీవీలో ఆయన్ని చంపిన మర్నాటి నుంచి."

"అమ్మా..."

"నేననలేదు. ఊరంటోంది. నువ్వు నటనకిచ్చిన ఆ బహుమతి ఒళ్లో పెట్టుకుని చెప్పావు కదా, చిన్నప్పుడే మా నాన్న పోయాడు, శవపెట్టెలో పడుకోబెట్టినా చేపల వాసన పోలేదు, మా అమ్మ నిమ్మకాయతో చేతులు కడిగింది అని. దేశమంతా ఏడ్చిందట. మన వీధి మాత్రం ఏడవలేదు. ఎలా ఏడుస్తారు, మీ నాన్న అప్పుడే చెత్త డబ్బా బయట పెట్టడానికి వెళ్లాడు."

"నేను ఫోన్ చేద్దామనుకున్నాను."

"క్లబ్బులో ఆయన కుర్చీ ముందు, పోయినవాళ్లకి పెట్టినట్టు, ఓ గ్లాసు వైను పోసి, దాని మీద రొట్టె ముక్క పెట్టారు. ఆయన లోపలికి వెళ్తే అందరూ లేచి నిలబడి టోపీలు తీశారు. 'స్వర్గీయ ఎర్మానో రపోజో గారు దయచేశారు' అన్నాడట అక్కడో వెధవ. నవ్వులాటకే. మీ నాన్న కూడా నవ్వాడు. ఇంటికొచ్చి కిందికి దిగాడు, అంతే."

"అమ్మా, నేను..."

"ఆగు, అయిపోలేదు. మీ దియొలిండా అత్త! మనం వదిలొచ్చిన దీవిలో ఆవిడకెవరో చెప్పారు, తమ్ముడు పోయాడని నల్ల బట్టలు కట్టేసింది. ఫోన్ చేసి, మీ తమ్ముడు బతికే ఉన్నాడు వదినా అన్నాను. 'అయ్యో, ఒకసారి కట్టాక విప్పకూడదు, విప్పితే నిజంగా పోతాడు' అంటోంది. పూజ కూడా చేయించిందట, ఆత్మశాంతికి. ఇప్పుడు నాకదో బెంగ. దేవుడు ఆ పూజ విన్నాడంటే?"

"దేవుడికి తెలీదా అమ్మా, ఎవరు బతికున్నారో?"

"నువ్వు చెప్తే ఆయనైనా నమ్ముతాడు. అంత బాగా చెప్పావు."

"సిగ్గుతో చస్తున్నాను."

"ఆ మాట అనకు! ఈ ఇంట్లో చావు మాట చాలు. సూపు తాగు. మెల్లిగా, ఆకు గొంతుకి అడ్డం పడుతుంది."

"ముందు గదిలో అదేంటి? పువ్వులూ కొవ్వొత్తులూ?"

"నీకు తెలీదా? ఫోన్లో చెప్పాను. విన్నావో లేదో. పవిత్రాత్మ పండగ కిరీటం. ఈ ఏడు చీటీల్లో మీ నాన్న పేరొచ్చింది. పెళ్లయినప్పట్నుంచి చీటీ వేస్తున్నాడు, ఇన్నాళ్లకి వచ్చింది. వారమంతా మనింట్లో ఉంది. ఇవ్వాళ ఆయన చేతులతో పట్టుకుని వీధి వెంట గుడిదాకా నడవాలి. బ్యాండు వాళ్లు వస్తారు, పిల్లలు తెల్ల గౌన్లు వేసుకుని వస్తారు."

"ఇవ్వాళా?"

"ఇంకాసేపట్లో. అడిగితే తలుపు వెనకనించి ఒకే మాట అన్నాడు. 'చచ్చినవాడు కిరీటం మొయ్యడు' అని."

"నేను మోస్తే?"

"నువ్వా? ఏ పేరుతో? చీటీలో రాసింది రపోజో. నువ్వు రాస్ కదా. నెల్సన్ రాస్."

"అది సినిమావాళ్లు..."

"తెలుసు, నోరు తిరగదన్నారట. నీ మొదటి సినిమాకి మీ నాన్న పెళ్లి కోటు వేసుకొచ్చాడు. నువ్వు అందులో శవానివి, నీళ్లలో తేలతావు. నేను కళ్లు మూసుకున్నాను, నిజంగా ఊపిరాడట్లేదేమోనని. అయిపోయాక అందరూ వెళ్లిపోయారు. ఈయన లేవడు. తెర మీద పేర్లు పోతున్నాయి, పోతున్నాయి, లైట్లు కూడా వేసేశారు. 'ఇంకా రాలేదు, ఉండు' అంటాడు. రపోజో అన్న పేరు కోసం చూస్తున్నాడు."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"ఏం చెప్తాం? నువ్వు బాధపడి, ఆ బాధలో కారు నడిపి, ఏదైనా అయితే?"

"అమ్మా, నేనెందుకలా చెప్పానో నీకు చెప్పాలి."

"చిన్నగా. ఆయన వింటాడు."

"విననీ. న్యూయార్కులో మాకు నటన నేర్పినావిడ ఉండేది. ఏడవాల్సినప్పుడు ఏడుపు రావాలంటే, మీ దగ్గర ఒక దుఃఖం దాచుకోండి, అవసరమైనప్పుడు తీసి చూసుకోండి అనేది. అందరికీ ఏదో ఒకటి ఉంది. తల్లి పోయినవాళ్లు, ఇల్లు కాలినవాళ్లు. నాకేం లేదు. మీరిద్దరూ గుండ్రాయిలా ఉన్నారు."

"దిష్టి పెట్టకు."

"అందుకని నాన్నని పెట్టెలో పడుకోబెట్టాను. మనసులోనే. పనిచేసింది. ఎన్ని సినిమాల్లో ఏడ్చానో, అన్నిటికీ అదే పెట్టె. ఏడుపు సీను ఉన్న వారం మీకు ఫోన్ చేసేవాణ్ణి కాదు, తెలుసా? నాన్న గొంతు వింటే ఆ పెట్టెలోంచి లేచి కూర్చునేవాడు. ఇంక కంట్లో చుక్క రాదు."

"అందుకా? నేను ఆస్పత్రులకి ఫోన్లు చేసుకుంటూ కూర్చున్న వారాలన్నీ, నువ్వు అందుకా ఫోన్ చెయ్యంది?"

"మొన్న టీవీలో ప్రశ్నలడిగే ఆ అమ్మాయి అడిగింది, పడవ సినిమాలో చివర్న ఆ ఏడుపు ఎక్కణ్ణించి తెచ్చారని. ఎప్పుడూ నవ్వి తప్పించుకుంటాను. ఆ రోజు నోరు జారింది. మా నాన్న పెట్టె దగ్గర్నించి, అన్నాను. అక్కడ 'ఊహలో' అని ఒక్క మాట కలిపితే సరిపోయేది."

"మరి కలపలేదేం?"

"ఆ అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి."

"అయితే?"

"మంచిగా నడుస్తున్న సీను మధ్యలో ఎవరూ ఆపరమ్మా."

"సీనా? మీ నాన్న నీకు సీనా? ఉండు, విన్నావా? కింద కత్తి చప్పుడు ఆగింది. ఇందాకట్నుంచి ఆకు తరుగుతున్నాడు. ఆగింది. ఏదైనా అయిందా? చెయ్యి కోసుకున్నాడా?"

"వింటున్నాడమ్మా, అంతే."

"అసలా నిమ్మకాయ ఎందుకు పెట్టావురా? పక్కింటి ఫిలొమీనా అడుగుతోంది, 'నిమ్మకాయతో కంపు పోతుందా ఇదలీనా, మా ఆయన చేతులకి కూడా రాస్తాను' అని. నేనెప్పుడు కడిగాను నిమ్మకాయతో? ఎక్కణ్ణించి తెస్తావు ఇలాంటివి?"

"నిజంగా అడుగుతున్నావా?"

"అడక్కపోతే?"

"పెట్టె నేను కనిపెట్టింది కాదమ్మా."

"సూపు చల్లారుతోంది."

"తుఫాను లేచి, నాన్న వెళ్లిన ఆల్చిప్పల వేట పడవ రేవు చేరకపోతే నువ్వేం చేసేదానివి?"

"ప్రార్థన."

"దానికంటే ముందు?"

"కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. ఏం, తప్పా?"

"ఇస్త్రీపెట్టె వేడి చేసేదానివి. బీరువాలోంచి తెల్ల చొక్కా తీసి..."

"అది టేబులు గుడ్డ."

"టేబులు గుడ్డకి గుండీలుంటాయా?"

"నెమ్మది! నెమ్మదిగా మాట్లాడు, నీ కాళ్లు పట్టుకుంటాను."

"ఇదే నాన్న పెట్టె అనుకో అని నన్ను బల్ల పక్కన నిలబెట్టేదానివి. చేతులు జేబుల్లో పెట్టుకోకు. ఫాదరు చదవడం అయ్యేదాకా ఏడవకు, అయ్యాక ఏడు అనేదానివి. నేను ఏడ్చి చూపించేవాణ్ణి. నువ్వు కళ్లు తుడుచుకుంటూ 'అలాగే, అలాగే' అనేదానివి. ఆ చేపల కంపుతో దేవుడి దగ్గరకి పంపను, నిమ్మకాయతో కడుగుతాను అన్నది నువ్వే. పొద్దున్నే పడవ వచ్చేది. నువ్వు చొక్కా మడిచి దాచేసేదానివి. నాన్న వచ్చి ఆ చేపల చేత్తోనే నా తల నిమిరేవాడు. నేను ఆయన మొహం చూడలేకపోయేవాణ్ణి."

"బెంగతో చేశానురా. ముందే భయపడిపోతే, ఇంక ఆ భయానికి మనింట్లో పనుండదనుకున్నాను. ఆయనకి చెప్పకు. ఆయనకి తెలీదు. గాలి వీచినప్పుడల్లా కట్టుకున్నదే తనని పాతిపెట్టిందని తెలిస్తే, ఇంక ఆ తలుపు తియ్యడు. ఎప్పటికీ తియ్యడు."

"చెప్పను."

"ఒట్టు?"

"ఒట్టమ్మా. ఏడవకు."

"ఇదలీనా! ఏయ్ ఇదలీనా! బ్యాండు వాళ్లు మూల తిరిగారు! స్వర్గీయులు లేచారా?"

"ఫిలొమీనా, నీకు దణ్ణం పెడతాను, ఇవ్వాళొద్దు ఆ హాస్యం."

"ఓ, అబ్బాయి వచ్చాడే! బాగా చిక్కిపోయావు నాయనా. టీవీలో లావుగా కనిపిస్తావు. మా ఆయన గురించి కూడా ఓ మంచి మాట చెప్పకూడదూ? ఆయన్ని కూడా చంపేద్దువు గాని, నాకేం అభ్యంతరం లేదు."

"ఫిలొమీనా ఆంటీ, వస్తున్నామని చెప్పండి."

"ఎవరొస్తున్నారు?"

"చెప్పండి, వస్తున్నామని."

"ఏమో బాబూ. ఫాదరు గుడి మెట్ల మీద నిలబడ్డాడట. కిరీటం రాకుండా పూజ మొదలవదు, నీకు తెలుసు కదా ఇదలీనా."

"తెలుసు, తెలుసు. వెళ్లు. మెట్టు జారుతుంది, చూసుకో!"

"అమ్మా, జరుగు. తలుపు దగ్గరికి నన్ను వెళ్లనీ."

"ఆనుకోకు."

"నాన్నా. నాన్నా, నేను నెల్సన్‌ని. తలుపు తియ్యొద్దు, వినండి చాలు. తప్పు నాది. నిమ్మకాయ, పెట్టె, అన్నీ నేనే కల్పించాను. ఇంకెవరూ లేరు అందులో. మీ పేరు వదిలేశాను, మీ చావు వాడుకున్నాను. మీ చేతుల్ని పదిమంది ముందు కంపు అన్నాను. ఆ చేతులే నన్ను బడికి పంపాయి, న్యూయార్కుకి పంపాయి. రేపు అదే టీవీలో కూర్చుని చెప్తాను, మా నాన్న బతికే ఉన్నాడు, నేను అబద్ధమాడాను అని. ఆ బహుమతి వెనక్కి తీసుకున్నా సరే. మీరు మాత్రం ఇవ్వాళ ఆ కిరీటం పట్టుకోండి. నేను వెనకాల నడుస్తాను. వద్దంటే ఇంట్లోనే ఉంటాను, మీకు కనపడను."

"..."

"నాన్నా?"

"మాట్లాడట్లేదు. చూశావా, మాట్లాడట్లేదు. ఊపిరి వినపడుతోందా నీకు?"

"వినపడుతోంది. తలుపుకి అవతలే ఉన్నాడు. మెట్ల మీద."

"మెట్ల మీదా? పడతాడు! ఏమండీ, గోడ పట్టుకోండి! ఏమండీ... వినండి. వీడు అబద్ధమాడుతున్నాడు."

"అమ్మా, వద్దు."

"ఉండరా. నాకోసం మళ్లీ అబద్ధమాడుతున్నాడండీ వీడు. నిమ్మకాయ వీడిది కాదు, నాది. పెట్టె కూడా నాదే. మీరు వేటకి పోయి గాలి లేస్తే, మీకో చొక్కా ఇస్త్రీ చేసేదాన్ని. మీరు పోతే వెయ్యడానికి. వీణ్ణి పక్కన నిలబెట్టి ఏడవడం నేర్పాను. వీడు న్యూయార్కులో నేర్చుకోలేదండీ, ఈ ఇంట్లో, నా దగ్గర నేర్చుకున్నాడు. ఇంక మీ ఇష్టం. నన్ను తిట్టండి, కొట్టండి, నా మొహం చూడనంటే మానెయ్యండి. కానీ ఆ చీకట్లో కూర్చోకండి, మీ గుండెకి మంచిది కాదు."

"..."

"ఏమండీ?"

"..."

"బ్యాండు ఆగింది నెల్సన్. మన గుమ్మం ముందే ఆగింది."

"కాసేపు ఉండమ్మా."

"వెళ్లిపోతారేమో. ఇంకొకళ్లింటికి ఇచ్చేస్తారేమో కిరీటం. నావల్లే. ఏమండీ, ఒక్కమాట. ఒక్కమాట అనండి, ఏదైనా సరే."

"..."

"ఇదలీనా."

"ఆఁ! ఆఁ, ఏంటండీ?"

"ఆ చొక్కా మెడ దగ్గర బిగుతు. తుఫాను తగ్గి నేనొచ్చిన ప్రతిసారీ, నువ్వు గుడికి దణ్ణం పెట్టుకోడానికి వెళ్లగానే, తీసి వేసుకుని అద్దంలో చూసుకునేవాణ్ణి. దుప్పట్ల కిందే ఉంటుంది, వెళ్లి తీసుకురా. పై గుండీ పెట్టుకోన్లే. ఓ నిమ్మకాయ కూడా కోసి తే, కిరీటం పట్టుకోవాలి. నా చేతులు వాణ్ణి కడగమను."