సన్నదా, లావుదా?

చేపలమ్మే గున్నమ్మ, కూతురు దేవిని వెంటబెట్టుకుని శ్రీకాకుళంలోని ల్యాప్‌టాప్ షాపుకి వచ్చి గంటయింది. ఎచ్చెర్లలో చదువు ముగించిన దేవి కొత్త ఉద్యోగంలో చేరబోతోంది. షాపులో అమ్మేవాడు నరేష్.

"రెండిట్లోనూ ఒకటే ప్రాసెసరంతన్నావు. మరి ఈ సన్నది నిదానం, ఆ లావుది జోరూ ఎలాగవుతాది బాబూ?"

"పేరొకటే పిన్నీ. పనెక్కువైతే లోపల వేడెక్కుతాది. లావుదాంట్లో పెద్ద ఫ్యాన్లు రెండు, వేడి బయటకి తోసేస్తాయి. సన్నదాంట్లో సోటేదీ? తట్టుకోలేక అదే నిదానమైపోతాది."

"అంటే కిటికీ లేని వంటింట్లో పొయ్యి కాడ నన్ను నిలబెట్టినట్టు."

"అదే! నువ్వెంత పనిమంతురాలివైనా..."

"సెమటోడ్చుకుని సతికిలబడతాను. ఒలే దేవీ, ఇన్నావా? లావుది తీసుకో."

"సన్నదే సాలమ్మా."

"నీ పనేటన్నావు? సముద్రం అడుగు బొమ్మలు గీడమేనా?"

"మ్యాపులమ్మా. గీడం కాదు, లెక్క కట్టడం."

"అది బరువు పనే కదా నరేషూ?"

"బరువే పిన్నీ. గంటలకి గంటలు నడవాల. సన్నదైతే పది నిమిషాలు జోరుగా ఎల్లి, తర్వాత..."

"నువ్వుండు నరేష్ అన్నా! మెయిల్ సూసుకోడానికీ, రాసుకోడానికీ..."

"ఇందాక మ్యాపులన్నావు!"

"మ్యాపులూ ఉంటాయి. ఆ లావుది మోయలేనమ్మా."

"మోయలేవా? సేపల గంపలెత్తిన గుంటవి! రెండున్నర కిలోలు నీకో లెక్కేటి? అయినా ఆఫీసులో బల్ల మీద పడుంటాది, నువ్వు మోసేదేటి?"

"బల్ల... సిన్నదమ్మా."

"ఎంత సిన్నది?"

"సిన్నదే."

"ఒలే, నా మొకం సూసి సెప్పు. ఆఫీసెక్కడ?"

"విశాఖపట్నంలో."

"విశాఖపట్నంలో ఎక్కడ?"

"రేవు... కాడ."

"రేవు కాడా, రేవులోనా?"

"రేవు దాటాక."

"రేవు దాటితే సముద్రమే కదే!"

"సర్వే పడవమ్మా. నెలకి ఇరవై రోజులు నీళ్ళ మీదే. మనిషికి ఒక సిన్న సంచే తెచ్చుకోమన్నారు. నాన్నకి సెప్పకు. ఆడది పడవెక్కితే వల ఖాళీగా వస్తాదని ఊరందరికంటే గట్టిగా అరిసేది నాన్నే కదా."





"బాబూ నరేషూ."

"పిన్నీ?"

"సన్నదీ లావుదీ కాకుండా మద్దిలది ఉందేటి?"

"పద్నాలుగంగుళాలది ఉన్నాది. కొంచెం మందం, ఫ్యాన్లు రెండు, కిలోన్నర బరువు. లావుదానంత జోరు ఉండదు గానీ, సన్నదానిలాగ సతికిలబడదు."

"అదే కట్టు. ఒలే, మొదట్లో కడుపులో తిప్పుతాది. పడవలోకి సూడకు. నీళ్ళూ ఆకాశం కలిసే కాడే సూస్తా కూకో, తగ్గిపోతాది."

"నీకెలా తెల్సమ్మా?"

"పెళ్ళైన కొత్తలో మీ నాన్నే నన్ను ఎక్కించాడు. వల సినిగిపోయేటన్ని సేపలు పడ్డాయి. ఆ మర్నాటి నుంచే ఊళ్ళో ఆ మాట అరుస్తన్నాడు, ఇంకెవుడూ పెళ్ళాన్ని ఎక్కించుకోకుండా!"