ఒక్క సీటుకు రెండు దస్తీలు

ఊరూవాడా తెలంగాణ కోసం సమ్మెలో ఉన్న ఆ నెలలో రఘునాథపల్లిలో బస్సులు ఆగాయి, బడి ఆగింది. మహిపాల్ నోరు మాత్రం ఏ బంద్ పిలుపుకూ ఆగలేదు.

ఆ సాయంత్రం అయిదింటితో తస్లీమా నర్సింగు దరఖాస్తుకు గడువు తీరిపోతుంది. జనగామ పోదామంటే బస్సు లేదు. ఊళ్లో ఉన్నది ఒక్కటే ఇంటర్నెట్ సెంటరు, రహీమాబీ చాయ్ హోటల్ పక్క గదిలో. అందులోని రెండు కంప్యూటర్లనూ పొద్దున బిగించింది మహిపాలే. నెట్ వచ్చినట్టే వచ్చి పోతోంది. బిగించిన మనిషేమో హోటల్ బెంచీ మీద జేబులోని దస్తీ తీసి పరుచుకుని, దాని మీద కూర్చున్నాడు.

"మహిపాలన్నా, జర వచ్చి చూడరాదే," అంది తస్లీమా గడపలో నిలబడి.

"వస్తది చెల్లె, పరేషాన్ గాకు. భూపాలపల్లిల పది కంప్యూటర్లకు నంబర్లిచ్చినోణ్ని నేను. నంబరంటే ఏందనుకున్నరు? బస్సుల సీటుకు దస్తీ ఏస్తం సూడు, గట్లనే. దస్తీ లేని కంప్యూటర్‌కు నెట్‌ల జాగ దొరకది. ఆ తర్వాత ఏమైందో ఎరుకనా? బొగ్గుబాయిల ఉన్న కంప్యూటర్లన్నిటికీ నన్నే ఇయ్యమన్నరు."

"బాయిల దిగినవా?" అన్నాడు తండా నుంచి వచ్చిన జైసింగ్.

"దిగుడెందుకు? పైనుంచే కేకేసిన. ఒక్కొక్కటి లేచి నంబరు తీసుకున్నది. నంబర్లు సాలకపాయె. నేనేం జేసిన? పండుకున్న కంప్యూటర్ కాడి దస్తీ గుంజి, లేచినదానికేసిన! అది సూసి ఢిల్లీకెల్లి ఫోను. 'మహిపాల్ గారూ, దేశంల నంబర్లు ఒడుస్తున్నయి, మీరే దిక్కు' అని. పోయిన. ముందుగాల తెలంగాణ నంబర్లు పక్కకు తీసిపెట్టిన. రాష్ట్రం ఇయ్యనీకి వాళ్లు ఇంకా ఆలోచన జేస్తున్నరు గని, కంప్యూటర్లకు నేను ఎన్నడో ఇచ్చిన!"

జైసింగ్ చప్పట్లు కొట్టబోయి చాయ్ ఒలకబోసుకున్నాడు.

తస్లీమా లోపలికి పోయింది. నాలుగున్నర దాటింది. తెర మీద పొద్దుటి నుంచీ వస్తున్న మాటే మళ్లీ వచ్చింది. ఈసారి నిదానంగా చదివి బయటికొచ్చింది.

"అన్నా, ఈ నంబరు ఇంకో కంప్యూటర్ కాడ ఉన్నదంటున్నది. రెండిట్లకు ఏం నంబరు పెట్టినవ్?"

"మా ఇంటి నంబరు," అన్నాడు మహిపాల్. "యాదికుంటదని."

రహీమాబీ చాయ్ వడగట్టడం ఆపింది.

"దేశానికంత దస్తీలు పంచినోనివి, ఇంటికాడ ఒక్క సీటుకు రెండేసినవా నాయినా?"

తస్లీమా అప్పటికే లోపలికి ఉరికింది. పక్క కంప్యూటర్ ఆపేసింది. నెట్ వచ్చింది, ఈసారి నిలబడింది. అయిదు కాకముందే దరఖాస్తు పోయింది. గోడకు తల ఆనించి, "యా అల్లా" అనుకుంది. వచ్చి గడపలో నిలబడింది. బెంచీ మీద జాగా లేదు.

మహిపాల్ గొంతు మళ్లీ లేచింది. "సూసిండ్రా? నేను జెప్పలే? ఒకటి పండుకుంటే దాని దస్తీ ఇంకోదానికి..."

"లే బిడ్డా," అంది రహీమాబీ, అతని కిందున్న దస్తీ కొస పట్టుకుని గుంజుతూ. "పిల్ల కూసుని చాయ్ తాగుతది."